రెండు టప్పాలు అన్నది నేనే

పదిహేనేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్న అబద్ధం. పలకడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. దించుకోవడానికి మాత్రం ఇన్నేళ్లలో చోటు దొరకలేదు. ఇంట్లో చెప్పలేదు. నాకు ఆట నేర్పిన గురువు పక్కన ఆస్పత్రిలో మూడు రోజులు కూర్చుని, ఆయన నీళ్లు తాగేటప్పుడు గ్లాసు పట్టుకుని, ఆయనకూ చెప్పలేదు. అది నాతోపాటే ముసలిదై నాతోపాటే పోతుందనుకున్నాను. పోయిన నెల దాన్ని ఎనిమిదేళ్ల పిల్ల ఆటలో చూశాను. అందుకే ఇది రాసి ఉంచాలి. నోటితో చెబితే మధ్యలో మాట మార్చేస్తానని భయం. కాగితం మీద మార్చితే కొట్టివేత కనిపిస్తుంది.

నా పేరు రాయను. అది కూడా పిరికితనమేనని తెలుసు. చదివే మీరు నన్ను ఎరగరు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. నాకు సాయం చేసినవాళ్ల పేర్లు మాత్రం చివర రాస్తాను. వాళ్లు దాక్కోవలసిన పని లేదు.

నేను స్క్వాష్ ఆడి బతికినదాన్ని. నాలుగు గోడల గదిలో ఇద్దరు ఒకే గోడకు బంతి కొట్టే ఆట అది. నల్లటి చిన్న రబ్బరు బంతి. గోడకు తగిలి వచ్చిన బంతి నేలమీద రెండోసారి తగిలేలోపు మళ్లీ కొట్టాలి. రెండుసార్లు తగిలితే పాయింటు పోయినట్టే. పుస్తకంలో దానికి వేరే మాట ఉంది. మా కోర్టులో అందరం ‘రెండు టప్పాలు’ అనేవాళ్లం.

షామీర్‌పేట చెరువుకు కొంచెం ఇవతల ఒక రిసార్టు ఉండేది. స్క్వాష్ కోర్టు ఉంటే పెద్దవాళ్లు వస్తారని దాని యజమానికి ఎవరో చెప్పారట. కట్టించాడు. పెద్దవాళ్లు రాలేదు. నాయిన అక్కడ ఊడ్చి తుడిచే పనిలో ఉండేవాడు. మచ్చబొల్లారం నుంచి కరీం సార్ అనే ఆయన, పటాలంలో కసరత్తులు నేర్పి రిటైరైన మనిషి, ఆ ఖాళీ కోర్టు చూసి యజమానిని ఒప్పించి చుట్టుపక్కల పిల్లలకు ఆట నేర్పడం మొదలుపెట్టారు. మొదటి పిల్లను నేను. రెండేళ్ల తర్వాత అత్వెల్లి నుంచి రజిత వచ్చింది. వాళ్ల బాపు కూరగాయలు మార్కెట్లో దించి, ఖాళీ బుట్టల మధ్య ఈ పిల్లను కూర్చోబెట్టుకుని మోపెడ్ మీద తెచ్చేవాడు. దాని బట్టలకు ఎప్పుడూ కొత్తిమీర వాసన ఉండేది. నాకంటే రెండేళ్లు చిన్న. నాకంటే బాగా ఆడేది. ఈ మాట రాయడానికి కూడా పదిహేనేళ్లు పట్టింది.

నా దగ్గర ఉన్నది చదువు. పదో తరగతితో బడి ఆగిపోయింది కాని మేడ్చల్ శాఖా గ్రంథాలయంలో నేను తెరవని బీరువా లేదు. గ్రంథపాలకురాలు సువర్ణ గారు నాకు కిటికీ పక్క కుర్చీ వదిలేవారు. కోర్టు గదిలో ఇంగ్లీషు నియమాల పుస్తకం ఒకటి దుమ్ముపట్టి ఉంటే, దాన్ని అక్కడికి తీసుకెళ్లి, నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక వేసవి మొత్తం కూర్చుని తెలుగులో రాశాను. నూరు పేజీల నోటుబుక్కు నిండింది. కరీం సార్ ఆ పుస్తకాన్ని నెత్తికి తాకించుకుని, “బేటీ, ఇగ మన కోర్టుకు జడ్జి నువ్వే” అన్నారు. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన గర్వం గెలిచిన ఏ ఆటలోనూ కలగలేదు. ఎవరికి ఏ అనుమానం వచ్చినా నా దగ్గరికి వచ్చేవాళ్లు. నేను చెప్పిందే మాట. నాకంటే పెద్దవాళ్లు కూడా తలూపి వెళ్లేవాళ్లు.

ఆ గర్వం నుంచే ఈ తప్పు పుట్టిందా? లేక ఆశ నుంచి పుట్టి గర్వం వెనక దాక్కుందా? ఎన్నిసార్లు నన్ను నేను అడిగినా తేలలేదు.

స్క్వాష్‌లో ఒక ఆచారం ఉంది. చిన్న పోటీల్లో నిర్ణేతలు వేరే ఉండరు. ఓడినవాళ్లు సంచి సర్దుకుని ఇంటికి పోకూడదు. చెమట తుడుచుకుని పైకెక్కి, తర్వాతి ఆటకు నిర్ణేతగా కూర్చోవాలి. ఓడిన మనసుతోనే న్యాయం చెప్పాలి. బయటివాళ్లకు వింతగా ఉంటుంది. మాకు అలవాటు.

ఆ ఏడు రాష్ట్ర జట్టు ఎంపిక మా కోర్టులో పెట్టారు. జట్టులో నలుగురు. మూడు చోట్లు అప్పటికే తేలిపోయాయి. నాలుగోది నాదో రజితదో తేలాలి. నా ఆట ముందు. గెలిస్తే చోటు నాదే. ఓడిపోయాను. ఇక మిగిలింది రజిత ఆట, నగరం నుంచి వచ్చిన మీనల్ అనే అమ్మాయితో. రజిత గెలిస్తే చోటు రజితది. ఓడితే, పాత పోటీల పాయింట్ల ప్రకారం నాది.

ఓడినదాన్ని నేనే కనుక పైకెక్కవలసింది నేనే.

మెట్ల దగ్గర కరీం సార్ ఆపారు. “బేటీ, నీ కిస్మత్ గూడ గీ ఆటలనే ఉంది. ఇంకెవర్నన్న కూసోబెట్టాల్నా?”

నేను జవాబు చెప్పేలోపే కింద బూట్ల లేసులు బిగించుకుంటున్న రజిత అరిచింది. “అక్కనే కూసోనియ్యుండ్రి సార్. మీనల్‌కు తెల్వదు గాని, మా అక్క నోట్ల రూల్ తప్పితే అన్నం గూడ పోదు.” తర్వాత నా వైపు చూసి నవ్వింది. “గట్టిగ జెప్పాలె అక్కా. మొన్నటి లెక్క గొంతుల్నే మింగకు.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. “చేస్త సార్” అన్నాను.

ఆ రెండు మాటల దగ్గరే ఆగిపోతాను ఎప్పుడూ. ‘వద్దు సార్, వేరేవాళ్లను పెట్టండి’ అని ఉంటే సరిపోయేది. ఎవరూ ఏమీ అనుకునేవాళ్లు కాదు. అయినా పైకెక్కాను. అప్పటికే చెయ్యాలనుకున్నానా? లేదు. ప్రమాణంగా లేదు. కాని ఎక్కకుండా ఉండాలని కూడా అనుకోలేదు.

మా కోర్టుకు అద్దం గోడ లేదు. చుట్టూ సిమెంటు, వెనక చిన్న తలుపు. ఆట చూడాలంటే పైన ఇనుప కమ్మీల వసారాలోంచి కిందికి చూడాలి. నిర్ణేత కుర్చీ మధ్యలో. మిగతావాళ్లు పక్కల్లోంచి చూస్తారు కనుక ముందు మూలలు వాళ్లకు సరిగా కనిపించవు. నాకు కనిపిస్తాయి.

ఐదో గేము. పది-తొమ్మిది, రజిత ముందు. ఒక్క పాయింటు చాలు. మీనల్ బంతిని ఎడమ ముందు మూలలో చచ్చేలా వేసింది. అక్కడికి చేరడం కష్టం. రజిత చేరింది. రెండు కాళ్లూ చాపి, రాకెట్ నేలకు గీరుకుంటూ పోయి, బంతిని కిందినుంచి ఎత్తింది. బంతి ముందుగోడకు తగిలి అక్కడే జారిపోయింది. మీనల్ కదలలేదు. ఓడిపోయానని తెలిసి, కరచాలనానికి చెయ్యి కూడా చాచింది.

బంతి నేలకు ఒక్కసారే తగిలింది. నేను చూశాను. అనుమానం లేదు, నీడ అడ్డం లేదు, చెమట కంట్లో పడలేదు. నిర్ణేతకు తేలకపోతే ఆ పాయింటు మళ్లీ ఆడించాలని నా నోటుబుక్కులో నేనే రాసుకున్నాను. నాకు తేలకపోవడం కాదు. తేలింది. నేను చెప్పాల్సింది ఇదీ: పదకొండు-తొమ్మిది, ఆట రజితది.

“రెండు టప్పాలు” అన్నాను.

మీనల్ చాచిన చెయ్యి గాలిలోనే ఆగింది. రజిత తల ఎత్తింది. ముఖంలో కోపం లేదు. లెక్కలో ఎక్కడో పొరపాటు పడిందేమోనన్నట్టు చూసింది.

“అక్కా, ఒక్కటే గదా?”

“రెండు. పాయింటు ఆమెది. పది-పది.”

“నాకు రాకెట్ మీదికి సక్కగ ఎక్కింది అక్కా. ఒక్కటే అనిపించింది.”

“నేను పైకెల్లి చూసిన.”

గొంతు మామూలుగానే ఉంది. నియమాలు చెప్పే గొంతు. రజిత చెమట పట్టిన అరచేతిని పక్కగోడకు తుడుచుకుంది. మేమందరం అలా తుడుచుకుంటాం. 

“నువ్వు జూసినవంటే అయ్యుంటది తీయ్ అక్కా. నాకే గనవడలే కావొచ్చు.”

నాతో వాదించి ఉంటే? కరీం సార్‌ను పిలిచి ఉంటే? నేను వెంటనే ‘మళ్లీ ఆడండి’ అని ఉండేదాన్నేమో. అది అరవలేదు, నన్ను నమ్మింది.

తర్వాతి బంతిని రజిత ముందుగోడ అడుగున, తగిలితే పాయింటు పోయే రేకుకు కొట్టింది. పది-పదకొండు. ఆ తర్వాతి బంతికి పరుగెత్తి, అందుకుని, కొట్టి, తానే ఆగిపోయి చెయ్యెత్తింది. “రెండు టప్పాలు” అంది. ఆటగాళ్లు తమ తప్పు తామే ఒప్పుకోవడం మా ఆటలో మర్యాద. కాని ఆ బంతి కూడా ఒక్కసారే తగిలింది. పైనుంచి నాకు స్పష్టంగా కనిపించింది. ‘లేదు, ఆడు’ అనొచ్చు. అనలేదు. కాగితం మీద పన్నెండు-పది అని రాశాను. నా చేతిరాత ఆ రోజు చాలా అందంగా వచ్చింది.

నాయిన ఆ ఆట చూడలేదు. తలుపు బయట తుడుపు గుడ్డతో నిలబడి ఉన్నాడు. ఆయనకు ఆట రాదు, చప్పుళ్లు తెలుసు. ఏళ్ల తరబడి మూసిన తలుపు అవతల పని చేసి చేసి, ఏ బంతి రేకుకు తగిలిందో, ఏది ఎన్ని టప్పాలు పడిందో వినే చెప్పేవాడు. సాయంత్రం జట్టులో నా పేరు చదివాక, ఇంటికి నడిచే దారిలో అడిగాడు.

“ఆ పది-తొమ్మిది కాడ బంతి ఒక్కటే సప్పుడయింది గద బిడ్డా?”

“రాకెట్ నేలకు గీరింది నాయినా. అందుకని అట్ల ఇనబడ్డది.”

“అట్లనా” అన్నాడు. నాలుగడుగులు వేసి మళ్లీ, “అట్లనే కావొచ్చు” అన్నాడు. బతికి ఉన్నన్నాళ్లూ మళ్లీ అడగలేదు. నా ఆట చూడటానికి కూడా ఎప్పుడూ రాలేదు. మోకాళ్ల నొప్పులనేవాడు.

తర్వాత జరిగినదంతా ఆ చోటు మీద కట్టుకున్నదే. జాతీయ పోటీల్లో ఎవరి కళ్లలోనో పడ్డాను. చెన్నైలో శిక్షణ దొరికింది. ఆటే వృత్తి అయింది. మలేషియా, ఈజిప్టు, పేరు పలకలేని ఇంకో రెండు ఊళ్లు. నేనేమీ గొప్ప క్రీడాకారిణిని కాలేదు. మొదటి రౌండులో ఓడి, ఇద్దరు పట్టే గదిలో నలుగురం పడుకుని, రాకెట్ తీగలు నేనే బిగించుకుని, బస్సులో మరో ఊరికి పోయే రకం. అయినా అది నా బతుకు. ప్రతి ఊళ్లో గ్రంథాలయం వెతుక్కునేదాన్ని. ప్రతి కోర్టులో నిర్ణేత నోరు తెరిచేటప్పుడు వీపు బిగుసుకునేది. ఎప్పుడో ఒకరోజు ఎవరో పైనుంచి నా పేరు పిలిచి, ‘ఈ చోటు నీది కాదు’ అంటారని.

ఇంకో సంగతి రాయాలి. ఇది రాయకుండా వదిలేద్దామని రెండుసార్లు అనుకున్నాను. ఒక పోటీలో, గెలుపు పాయింటు దగ్గర, నా బంతి రెండు టప్పాలు పడిందని నేనే ఒప్పుకున్నాను. నిర్ణేత చూడలేదు, ఎదుటి అమ్మాయి చూడలేదు. ఒప్పుకుని ఆట ఓడిపోయాను. నిజాయితీకని ఒక షీల్డు ఇచ్చారు. పత్రికలో నాలుగు వరుసలు వచ్చాయి. కరీం సార్ ఆ ముక్క కత్తిరించి కోర్టు గోడకు అంటించారు. సెలవుల్లో వచ్చి చూసేసరికి దాని కింద పెన్సిలుతో ‘మా అక్క’ అని ఉంది. రజిత రాత. ఆ రోజు నేను బాత్రూములో కుళాయి తిప్పి చాలాసేపు నిలబడ్డాను. నేను ఒప్పుకున్నది నిజాయితీతోనా? ఒకటి దొంగిలించి, ఇంకెక్కడో ఎవరికో ఒకటి ఇచ్చేస్తే సరిపోతుందన్న ఆశతోనా? ఆ షీల్డు ఇప్పుడు బియ్యం డబ్బా వెనక ఉంది.

రజిత ఆ తర్వాత ఏడాది మాత్రమే ఆడింది. చోటు పోయినందుకు ఆగలేదు. మరుసటి ఏడు మళ్లీ ఎంపికకు వచ్చింది. కాని దాని ఆట లోపల ఏదో విరిగింది. అందీ అందని ప్రతి బంతికీ తానే చెయ్యెత్తి ఇచ్చేసేది. కరీం సార్ తల పట్టుకునేవారు. “ఏందే రజితా, మంచి బంతులన్నీ దానం జేస్తున్నవ్? పెళ్లి పందిట్ల కూసున్నవా?” అది నవ్వి ఊరుకునేది. మెల్లగా రావడం మానేసింది. బౌరంపేట వైపు పెళ్లయింది. ఇప్పుడు అక్కడే ఒక బడి ఆఫీసులో పనిచేస్తోంది.

నేను మోకాలు పాడై తిరిగొచ్చాక, బౌరంపేటలో గేటు లోపలి ఇళ్ల మధ్య కట్టిన కొత్త కోర్టులో పిల్లలకు నేర్పుతున్నాను. రజిత అక్కడే ఉందని తెలిసీ ఆ పని ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నాను? దొరికిపోవాలనా?

పోయిన నెల అది తన కూతుర్ని తీసుకొచ్చింది. సహస్ర. ఎనిమిదేళ్లు. వాళ్లమ్మ కాళ్లే. మూడో రోజు నేను మూలకు వేసిన బంతిని ఆ పిల్ల పరుగెత్తి శుభ్రంగా అందుకుంది. అదే మూల, అదే చాపిన కాలు. బంతి ముందుగోడకు తగిలింది. పిల్ల ఆగి చెయ్యెత్తింది.

“ఎందుకాగినవ్?”

“రెండు టప్పాలేమో మేడమ్.”

“ఏమో ఏంది? పడ్డదా, పడలేదా?”

“తెల్వదు. అనుమానమొస్తే పోయిందనే చెప్పాలని మమ్మీ చెప్పింది.”

గోడ పక్క బెంచీ మీద నీళ్ల సీసా పట్టుకుని కూర్చున్న రజిత నవ్వింది. “నీ కాడ నేర్చుకున్నదే గద అక్కా. మన కండ్లు మనల్నే ఆగం జేస్తయి. పైనున్నోళ్లకే సక్కగ గనవడ్తది.”

వెక్కిరింత లేదు. దెప్పిపొడుపు లేదు. అదే నాకు భయం. అది నిజంగానే నమ్ముతోంది. పదిహేనేళ్లుగా తన కళ్లను తాను నమ్మకుండా, ఆ అలవాటును మంచి గుణమని ఎంచి, అన్నంలో కలిపినట్టు పిల్లకు పెడుతోంది. నేను దాని చోటు ఒక్కటే తీసుకున్నాననుకున్నాను ఇన్నాళ్లూ.

అప్పటినుంచి ఆ పిల్ల ఆట మీదే నా కన్ను. సహస్ర చెయ్యెత్తినప్పుడల్లా ‘ఒకటే, ఆడు’ అంటున్నాను. ఆ పిల్ల ముందు వాళ్లమ్మ వైపు చూస్తుంది, తర్వాత నా వైపు. నా మాట నమ్ముతుంది. అదీ తప్పే కదా? మళ్లీ నా నోటిని నమ్మడమే కదా? తన కళ్లను నమ్మాలంటే, నా నోరు ఒకప్పుడు ఏం చేసిందో ఆ ఇంట్లో తెలియాలి.

రేపు శనివారం. సాయంత్రం ఐదింటికి రజిత కూతురితో వస్తుంది. ఈ కాగితాలకు ఇంకో ప్రతి రాసి రాకెట్ సంచి పక్క జేబులో పెట్టుకుంటాను. ఇస్తానా? ఇస్తాను. పిల్ల లోపల ఆడుతున్నప్పుడు, బెంచీ మీద ఇస్తాను. చదివి లేచి వెళ్లిపోవచ్చు. పిల్లను మాన్పించవచ్చు. వాళ్లాయన వచ్చి నలుగురిలో నిలదీయవచ్చు, ఈ పని పోవచ్చు. లేదా నవ్వి ‘పోనీ తీయ్ అక్కా’ అనవచ్చు. అన్నిటికంటే ఆ ఆఖరి దానికే భయపడుతున్నాను. ఆ మాట అనిపించుకునే హక్కు నాకు లేదు. నేను క్షమించమని అడగను. జరిగింది జరిగినట్టు చెబుతాను. ఈ పేజీ దాకా ఒక్క కొట్టివేత కూడా లేదు. అంతే. అంతకంటే ఆశ పడను.

ఇక సాయం చేసినవాళ్లు.

మేడ్చల్ గ్రంథాలయంలో కిటికీ పక్క కుర్చీ నాకోసం ఉంచిన సువర్ణ గారికి కృతజ్ఞతలు. నిఘంటువులో నేను వెతికిన మాటలన్నిటికీ అర్థం దొరికింది, వాటితో నేను చేసిన పనికి ఆవిడ బాధ్యులు కారు. నన్ను జడ్జి అన్న కరీం సార్‌కు, మెట్ల దగ్గర ఆపి అడిగినందుకు. ఓటమి ఒప్పుకుని చెయ్యి చాచిన మీనల్‌కు. మూసిన తలుపు వెనక నిజం విని, నా నోట రావాలని ఎదురుచూసి వెళ్లిపోయిన మా నాయిన మల్లయ్యకు. చెయ్యెత్తి నన్ను నిద్రలేపిన సహస్రకు.

రజితకు. రజితా, ఆ బంతి ఒక్కటే టప్పా. నువ్వు చూసిందే సరి. ఆ తర్వాత నువ్వు చెయ్యెత్తి ఇచ్చేసిన బంతి కూడా ఒక్కటే. కుర్చీలో కూర్చుని నేను చెప్పవలసిన మాట ఇప్పుడు చెబుతున్నాను, నువ్వు చెప్పమన్నట్టు గట్టిగానే.

పదకొండు-తొమ్మిది. ఆట రజితది.